కూతురి పేరు, తల్లి సీసా

శుక్రవారం పొద్దున గులాబీ తోట గేటు దగ్గర నర్సు చదివిన జాబితాలో మూడో పేరు యెసేనియాది. పోయిన వారం మనం అక్కడ ఆగాం. ఆ పేరు వినగానే వరుసలో ఉన్న ఆడవాళ్ళు యెసేనియా వంక చూడాలి కదా, చూడలేదు. వాళ్ళమ్మ ఓతిలియా వంక చూశారు. ఎందుకో మొదటినుంచి చదువుతున్నవాళ్ళకి తెలుసు. ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు మండితే ఏమీ అనుకోకండి.

ఫిబ్రవరిలో గ్రింగోలకి, అంటే ఆ అమెరికావాళ్ళకి, ప్రేమికుల రోజు వస్తుంది. వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకునే గులాబీలు ఈ బొగోటా మైదానంలో మా ఆడవాళ్ళు కోసి, కొలిచి, పాతిక చొప్పున కట్టలు కట్టినవే. ఆ హడావిడికి ముందు, జనవరిలో, కొత్త కాంట్రాక్టు కావాలంటే ప్రతి ఆడమనిషీ ఒక ప్లాస్టిక్ సీసా పట్టుకుని రేకుల మరుగుదొడ్డిలోకి వెళ్ళి రావాలి. కడుపుతో ఉన్నట్టు తేలినవాళ్ళ పేర్లు గేటు దగ్గర చదువుతారు, వాళ్ళకి ఇక పని లేదు. ఇలా పరీక్ష చెయ్యకూడదని చట్టం ఉంది. చట్టం రాజధాని బొగోటాలో ఉంది, తోట ఇక్కడ ఉంది. నలభై దాటినవాళ్ళకి మాత్రం సీసా ఇవ్వరు. వాళ్ళ కథ ముగిసిపోయిందని తోటవాళ్ళ నమ్మకం.

ఓతిలియాకి నలభై మూడు. కట్టల షెడ్డులో పద్నాలుగేళ్ళ సర్వీసు. మొగుడు హిల్దార్దోకి ఆరేళ్ళ కిందటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఇంతకన్నా నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది? భయపడుతున్న పిల్లలు తమ సీసాని రేకు కింది సందులోంచి పక్క దొడ్లోకి జరిపేవాళ్ళు. అక్కడ కూర్చున్న ఓతిలియా నింపి ఇచ్చేది. మూడేళ్ళలో పదకొండు ఉద్యోగాలు అలా నిలబడ్డాయి. చర్చి గుమ్మంలో వచ్చేపోయేవాళ్ళంతా వేళ్ళు ముంచే తీర్థపు తొట్టి ఉంటుంది చూడండి, షెడ్డులో ఆమెకి ఆ పేరే పెట్టారు.

పన్నెండో సీసా సొంత కూతురిది. యెసేనియాకి ఇరవై ఏళ్ళు, ఒక స్నేహితుడున్నాడు, నెలసరి ఆరు రోజులు ఆలస్యమైంది. తల్లి నింపి ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే పిల్లకి నెలసరి వచ్చేసింది. ఆ తర్వాత మూడు రోజులకి సీసా ఫలితం వచ్చింది. కడుపు యెసేనియాది కాదు, ఓతిలియాది. నాలుగు నెలలుగా రాకపోతే వయసు అనుకుంది పిచ్చిది. పురుగుమందు వాసనకి వాంతులైతే మందు మహిమ అనుకుంది.

ఆ శుక్రవారమే శీతల గది వెనక గోడ దగ్గర కూతురు ఆమె మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, నోరెత్తకు. నాకు ఇంకో తోట దొరుకుతుంది. నీకు ఈ వయసులో దొరకదు. సీసాల సంగతి బయటపడితే నీ ఒక్కదానితో పోదు, ఆ పదకొండు మందినీ బయటికి గెంటుతారు. కడుపు నాదే అనుకోనీ."

"మరి నీ పేరు?"

"పేరుదేముందమ్మా, కడుక్కుంటే పోతుంది."

ఓతిలియా సరేనంది. శుక్రవారమంతా ఆమెకి భయమే. ఈ వయసులోనా, ఆపరేషన్ అయ్యాకానా, ఎలాగా అని భయం. వెయ్యిమందిలో ఒకరికి ఆ ఆపరేషన్ తప్పిపోతుందని ఎక్కడో విన్నది గుర్తొచ్చి, మనం ఆ ఒక్కరం కాబోలు అని సరిపెట్టుకుంది. కోపం శనివారం మొదలైంది. గులాబీ కాడలు కొలబద్ద మీద పెట్టి సర్దుతుంటే ఒక పువ్వు తల చేతిలోకి ఊడొచ్చింది. కాసేపటికి ఇంకోటి. సూపర్‌వైజరు నోయెమీ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటక్కా, ఇవాళ పూల మీద పగబట్టావా?"

"పూల మీద నాకేం పగ? అవి ఎవరి పేరూ గేటు దగ్గర చదవలేదుగా," అంది ఓతిలియా. నోయెమీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

శనివారం ఒంటిగంటకి పని వదిలిపెడతారు. ఓతిలియా బస్సెక్కలేదు. బస్సులో ముప్పై మంది ఆడవాళ్ళు, అరవై కళ్ళు. రోడ్డు పక్కన నడుచుకుంటూ వచ్చింది. రబ్బరు బూట్లలో మడమలు ఒరుసుకుపోయి మంట పుడుతున్నా ఆగలేదు. దారి పొడుగునా ఆమెకి నోయెమీ మీద కోపం, నర్సు మీద కోపం, ఎవరో తెలియని ఆ గ్రింగో ప్రేమికుల మీద కోపం. కూతురు తన మీద జాలిపడి నిందని నెత్తినేసుకున్నందుకు కూతురి మీద కూడా కోపం. మొగుడి మీద మాత్రం ఇంకా లేదు. అది ఇంటికెళ్ళాక వచ్చింది.

గుమ్మం ముందు బంగాళాదుంపల గోతం నిలబెట్టి ఉంది. మూతి తాడుతో కట్టి ఉంది గాని, లోపల దుంపలు లేవు. పక్కనుంచి యెసేనియా ఎర్ర స్వెట్టరు చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది.

లోపల పెరట్లో యెసేనియా బట్టలుతికే రాయి దగ్గర నిలబడి ఒకే జాకెట్టుని మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది. అత్తగారు ఎతెల్వినా వంటింటి గడప మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. చిన్నపిల్లలిద్దరూ చర్చిలో బైబిలు పాఠానికి వెళ్ళారు. హిల్దార్దో స్నానం చేసి, తల దువ్వి, శనివారాల్లో తేహో ఆటకి వేసుకెళ్ళే గళ్ళ చొక్కా తొడుక్కుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇనప బిళ్ళ విసిరి తుపాకిమందు పొట్లం పేల్చడం, పేలినా పేలకపోయినా బీరు తాగడం, ఆ ఆట సంగతి అంతే. మిగతా ఆరు రోజులూ ఆయన పాల లారీ నడుపుతాడు.

"వచ్చావా! నీ కూతురి ఘనకార్యం గేటు దగ్గర చదివారంటగా," అన్నాడు. "తోటలో పాలడబ్బాలు దించుతుంటే ఆ గేటు కాపలావాడు టోపీ తీసి, 'నమస్కారం తాతగారూ' అన్నాడు నాతో. తాతగారూ! అందరి ముందూ!"

"ఆ గోతం ఎవరు కట్టారు?"

"నేనే కట్టా."

"ఇరవై రెండేళ్ళలో నీ చొక్కా నువ్వు ఒక్కసారి మడత పెట్టుకోలేదు. పిల్ల బట్టలు మూటకట్టడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసిందే!"

"ముందు సూపు తాగండమ్మా, చల్లారిపోతోంది," అంది ఎతెల్వినా తలెత్తకుండా.

"నువ్వుండమ్మా," అన్నాడు హిల్దార్దో. కూతురి వైపు తిరిగాడు. "వాడి పేరు చెప్పవే. ఎవడు వాడు?"

"చెప్పను నాన్నా."

"చెప్పదంట! విన్నావా? చేసేటప్పుడు సిగ్గులేదు గాని చెప్పడానికి సిగ్గంట."

యెసేనియా జాకెట్టు పిండి, మళ్ళీ నీళ్ళలో ముంచింది. తల్లి వైపు ఒక్కసారి చూసింది. మాటిచ్చావు, గుర్తుందా అన్నట్టు చూసింది. ఓతిలియా పళ్ళు బిగించుకుని బూట్లు విప్పడానికి ముక్కాలిపీట మీద కూర్చుంది. నిజంగానే ఊరుకుందామనుకుంది. ఒక మాట పడితే ఒళ్ళేం అరిగిపోదు, సాయంత్రానికి తాగి చల్లబడతాడు, గోతం తనే లోపలికి తెచ్చుకోవచ్చు అనుకుంది. హిల్దార్దో అక్కడితో ఆగితే ఈ వారం కథే ఉండేది కాదు.

ఆయన ఆగలేదు. శ్రోతలు దొరికిన మగవాడు ఎక్కడ ఆగాడు గనక!

"తప్పు నాదే," అన్నాడు. "పూలతోటల్లోకి ఆడవాళ్ళని పంపడమే తప్పు. అక్కడికెళ్ళిన ఏ ఆడది బాగుపడింది? తల్లి ఎలాగో కూతురూ అలాగే. ఆడదానికి అదుపుండాలి. అదుపంటే ఏంటో నన్ను చూసి నేర్చుకోండి. ముగ్గురు చాలనుకున్నా, బాధ్యతున్నవాణ్ణి గనక మొగాడినై ఉండి కత్తికింద పడుకుని ఆపరేషన్ చేయించుకొచ్చా. ఈ వీధిలో ఇంకెవడైనా చేయించుకున్నాడేమో అడగండి! అలాంటివాడి కడుపున పుట్టి..."

అని గుమ్మం దగ్గరికెళ్ళి గోతాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. తాడు ఊడింది. స్వెట్టర్లు, లోపలి బట్టలు, నర్సు కోర్సులో చేరడానికి యెసేనియా రెండేళ్ళుగా చదువుతున్న పాత పుస్తకాలు వీధిలో బురదలో పడ్డాయి. అప్పుడే రెండో ట్రిప్పులో దిగిన తోట బస్సు ఆడవాళ్ళు అటుగా పోతూ నిలబడ్డారు. యెసేనియా చేతులు రాయి మీద ఆగిపోయాయి. ఏడవలేదు. కాని కింది పెదవి వణకడం ఓతిలియాకి కనిపించింది. ఆ పిల్లకి నాలుగేళ్ళప్పుడు ఏడుపు ఆపుకోవాలనుకుంటే ఆ పెదవే అలాగే వణికేది.

ఓతిలియా లేచింది. ఒక కాలికి బూటు, ఒక కాలు ఖాళీ.

"లోపలికి రా," అంది మొగుడితో.

"రాను. అందరూ విననీ."

"నువ్వు వినాల్సింది అందరూ వింటే నీకే నష్టం. తలుపేసి లోపలికి రా."

ఆ గొంతు విని తలుపేసి వచ్చాడు.

"అమ్మా, వద్దు," అంది యెసేనియా.

"నువ్వుండవే. నీ జాలి నాకు చాలింది. ఏమయ్యా, ఆ కడుపు దానిది కాదు. దాని సీసా నింపింది నేను. కడుపు నాది."

ఇక్కడ జరిగింది నేను జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఓతిలియా అంత జాగ్రత్తగానూ చూసింది. ఆపరేషన్ అయిన మగవాడు ఇలాంటి మాట వింటే ముందు తెల్లబోతాడు. నమ్మడు. లేదా మండిపడతాడు. హిల్దార్దో ఇవేవీ చెయ్యలేదు. ఆయన కళ్ళు సూటిగా గడప మీద కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్ళాయి. బడిలో పట్టుబడ్డ పిల్లాడు పక్కవాడి వంక చూసినట్టు చూశాడు. ముసలావిడ చేతిలో బఠాణీ కాయ సగం చీలి ఆగింది.

ఆ తర్వాత ఆయన తేరుకున్నాడు. ఛాతీ విరిచాడు.

"ఎవరిది?" అన్నాడు.

ఓతిలియా చేతిలో ఆ క్షణాన ఏమీ లేకపోవడం ఆయన చేసుకున్న అదృష్టం.

"మళ్ళీ అను."

"ఎవరిదీ అంటున్నా. నాకు ఆపరేషన్ అయింది. నీ కడుపు ఎవరిది?"

"ప్యాంటు విప్పు."

"ఏంటీ?"

"విప్పు. కోసిన చోట మచ్చ ఉంటుందిగా. ఆరేళ్ళ మచ్చ. దీపం ఆర్పేసే మొగుడివి గనక ఇన్నాళ్ళూ చూసే భాగ్యం కలగలేదు. ఇవాళ పట్టపగలు చూస్తా."

"పిల్ల ముందు సిగ్గులేదటే నీకు!"

"పిల్ల ముందు నన్ను తిరుగుబోతు అనడానికి నీకు లేని సిగ్గు నాకెందుకు?"

హిల్దార్దో రెండు చేతులతోనూ బెల్టు పట్టుకున్నాడు. యెసేనియాకి అంత బాధలోనూ నవ్వొచ్చి మొహం పక్కకి తిప్పుకుంది.

"సరే, విప్పకు," అంది ఓతిలియా. "నీ లారీలో అద్దం కింద కార్మెన్ మాత బొమ్మ ఉంది. ఆ తల్లి మీద ఒట్టేసి చెప్పు, ఆపరేషన్ చేయించుకున్నానని. చెబితే ఇప్పుడే ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడుగుతా."

ఈ దేశంలో లారీ నడిపేవాడు పెళ్ళాం మీద ఒట్టేస్తాడు, పిల్లల మీద వేస్తాడు, పోయిన తండ్రి మీద కూడా వేస్తాడు. కార్మెన్ మాత మీద దొంగ ఒట్టు వెయ్యడు. తెల్లవారుజామున మంచులో కొండమలుపులు తిరగాల్సినవాడు ఆ తల్లితో పెట్టుకోడు. హిల్దార్దో బెల్టూ వదల్లేదు, ఒట్టూ వెయ్యలేదు.

ఓతిలియా అత్తగారి ముందుకెళ్ళి నిలబడింది.

"అత్తమ్మా, ఆ రోజు తోటలో సెలవివ్వలేదని నేను వెళ్ళలేదు. బొగోటా ఆస్పత్రికి ఆయనతో వెళ్ళింది నువ్వు. నువ్వు చెప్పు."

"నన్నెందుకు లాగుతారమ్మా మధ్యలోకి? నాకు డెబ్బై ఆరేళ్ళు. ఏం గుర్తుంటాయి?"

యెసేనియా తడి చేతులతోనే వచ్చి నాన్నమ్మ పక్కన గడప మీద కూర్చుంది.

"నాన్నమ్మా, నువ్వు నోరు విప్పకపోతే నేను చెయ్యని పనికి నేను వీధిన పడతా. నువ్వు అబద్ధం చెబితే అమ్మ పడుతుంది. మా ఇద్దర్లో ఎవరు పడాలో నువ్వే చెప్పు, మేం లేచి పోతాం."

ముసలావిడ కొడుకు వంక చూసింది. కొడుకు గోడ వంక చూశాడు.

"ఆస్పత్రి దాకా వెళ్ళాం," అంది ఎతెల్వినా. "కాయితాల మీద సంతకం పెట్టాడు. ముద్ర కొట్టిచ్చారు, నువ్వు దాచుకున్న కాయితం అదే. బెంచీ మీద కూర్చున్నాం. లోపల్నించి ఒకడు కాళ్ళు ఎడం చేసుకుని నడుస్తూ వచ్చాడు. వాణ్ణి చూసి వీడు సున్నంలా తెల్లబడ్డాడు. 'అమ్మా, ఆకలేస్తోంది' అన్నాడు. ఎదురుగా హోటల్లో వేయించిన పందిమాంసం, దుంపలు తిన్నాం. 'తేహో ఆడేచోట నన్ను విత్తులు కొట్టిన ఎద్దంటారే అమ్మా' అని అక్కడే ఏడ్చాడు. నా కడుపున పుట్టినవాడు, ఏం చెయ్యను?"

"ఇంటికొచ్చాక కుంటుకుంటూ నడిచాడుగా వారం రోజులు!"

"బస్టాండులో రెండుసార్లు నడిపించి నేనే నేర్పా," అంది ఎతెల్వినా, బఠాణీల గిన్నెతో చెబుతున్నట్టు.

ఓతిలియాకి ఆ వారం గుర్తొచ్చింది. ఫిబ్రవరి హడావిడి, రోజుకి పద్నాలుగు గంటలు నిలబడి పని. ఇంటికొచ్చి, గుడ్లు పెడుతున్న కోడిని కోసి, సూపు కాచి, మంచం దగ్గరికి మోసుకెళ్ళి తాగించింది. ఐసుగడ్డల కోసం శీతల గది మనిషిని బతిమాలింది. ఆరేళ్ళుగా ఆ మూలుగుల మీద కృతజ్ఞతతో బతికింది. ఊరి ఆడవాళ్ళ దగ్గర, మా ఆయన మంచివాడు, ఎవరూ చెయ్యనిది చేశాడు అని చెప్పుకుంది. ఆ నమ్మకంతోనే పన్నెండు సీసాలు నింపింది. ఇప్పుడు కోపం వచ్చింది ఆమెకి, మొగుడి వైపు తిరిగింది.

"నీ భయానికి నేను కోడి కోశానయ్యా," అంది. "నీ అబద్ధానికి నా కూతురి పేరు గేటు దగ్గర చదివారు. దాని పుస్తకాలు బురదలో తొక్కావు. అదుపు నేర్చుకోమన్నావు మాకు! నువ్వు!"

 హిల్దార్దో తిడతాడేమో, తలుపు బాదుకుంటూ పోతాడేమో అని యెసేనియా లేచి తల్లి పక్కన నిలబడింది. ఆయన రెండూ చెయ్యలేదు. ముందు మీసం తడుముకున్నాడు. తర్వాత, మీరు నమ్మండి నమ్మకపొండి, ఆ మీసం కింద చిన్న నవ్వు మొదలైంది.

"అంటే నాదేగా," అన్నాడు.

ఎతెల్వినా తలెత్తి కొడుకు వంక చూసింది.

"నలభై తొమ్మిదేళ్ళకి! ఎద్దంటారా నన్ను? ఇవాళ చెబుతా ఒక్కొక్కడికీ." గబగబా తలుపు తీసి, వీధిలోకెళ్ళి, కూతురి పుస్తకాలూ స్వెట్టర్లూ ఏరుకొచ్చి, బురద తన గళ్ళ చొక్కాకే తుడిచాడు. "నా తల్లీ, నీ తప్పేం లేదమ్మా, నాన్న తొందరపడ్డాడు," అని యెసేనియా తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆ పిల్ల తల వెనక్కి తీసుకుంది. ఆయన గమనించలేదు. "అయిందేదో అయింది. ఇంటి పరువు ఇంట్లోనే ఉంది, అది చాలు. ఓతిలియా, నువ్వు ఈ నెలతో తోట మానెయ్. యెసేనియా వేరే తోటలో చేరుతుంది, నీ వంతు అది తెస్తుంది. నర్సు కోర్సు ఎక్కడికి పోతుంది, రెండేళ్ళాగి చేరొచ్చు. మగపిల్లాడైతే మా నాన్న పేరు. అమ్మా, ఏమంటావ్?"

"దేవుడిచ్చింది కాదనకూడదు నాయనా," అంది ఎతెల్వినా. ఆవిడ మొహం కూడా తేటపడింది. సగం చీలిన కాయని పూర్తిగా ఒలిచి, గింజలు గిన్నెలో రాల్చింది. "మీ నాన్న బతికుంటే ఎంత మురిసేవాడో. ఆ ముందు గదిలో ఉయ్యాల కట్టొచ్చు."

"ముందు గదిలో చలి. మా గదిలోనే కడదాం."

"మరి దాని బాప్తిస్మానికి..."

తల్లీ కొడుకూ ఉయ్యాల ఎక్కడ కట్టాలో తేల్చుకుంటున్నారు. పెరట్లో కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది, ఎవరూ కట్టెయ్యలేదు. ఓతిలియా నిలబడి వింటోంది. తోటవాళ్ళు సీసా అడిగారు, ఆమెని అడగలేదు. మొగుడు ఆస్పత్రి నుంచి పారిపోయి వచ్చాడు, ఆమెని అడగలేదు. కూతురు నోరెత్తకు అంది, అదీ అడగలేదు, ప్రేమతోనే అయినా చెప్పింది. ఇప్పుడు వీళ్ళు పేరు పెట్టేశారు, గది చూసేశారు, ఆమె ఉద్యోగం మాన్పించారు, పిల్ల చదువు రెండేళ్ళు వాయిదా వేశారు. ఇంత జరిగిన ఇంట్లో ఆ బిడ్డ సంగతి ఆమె తప్ప అందరూ తేల్చేశారు.

యెసేనియా ఒక్కతే తల్లి మొహం చూస్తోంది. ఆ మొహంలో కోపం కాదు, కోపం తర్వాత వచ్చేదేదో కనిపించి, "అమ్మా?" అంది మెల్లగా.

ఓతిలియా రెండో బూటు విప్పలేదు. విప్పిన బూటు మళ్ళీ తొడుక్కుంది.

"ఏంటి, ఎక్కడికి?" అన్నాడు హిల్దార్దో, నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "సూపు తాగు, ఇద్దరి కోసం తినాలి నువ్వు."

"ఉయ్యాల దాకా వెళ్ళిపోయారు మీరు," అంది ఓతిలియా. "కంటానని నేనెప్పుడన్నాను?"